కళ్లు మూసుకుని ఒంటికాలి మీద ఎంతసేపు?

ఫోన్ పక్కన పెట్టి, చెప్పులు విప్పి, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడండి. ఈజీనే కదా? ఇప్పుడు గోడ పక్కకి వెళ్లి, కళ్లు మూసుకుని ట్రై చేయండి. జిమ్‌లో వంద కిలోల స్క్వాట్స్ కొట్టే నా రూమ్మేట్ ఐదు సెకన్లు కూడా ఆగలేదు!

ఎందుకంటే బ్యాలెన్స్‌కి కండలొక్కటే చాలవు. మా భాషలో చెప్పాలంటే మెదడుకి మూడు ఇన్‌పుట్స్ వెళ్తాయి. కళ్లు, లోపలి చెవి, పాదాలు-కీళ్ల నుంచి వచ్చే సిగ్నల్స్. కళ్లు మూస్తే లోడంతా మిగతా రెండింటి మీదే. రోజంతా కుర్చీలో కూర్చునే మనం పాదాలకి పనే చెప్పం.

బాక్స్ క్రికెట్‌లో నా చీలమండ ఒకే చోట రెండోసారి బెణికింది. వాపు తగ్గినా ఆ సిగ్నల్స్ వాటంతటవే పూర్తిగా కుదురుకోకపోవచ్చు, వాటికీ ప్రాక్టీస్ కావాలన్నారు ఫిజియోథెరపిస్ట్. ఆయన చేయించినవన్నీ జీరో బడ్జెట్ పనులే. పళ్లు తోముకుంటూ ఒక నిమిషం కుడికాలి మీద, ఒక నిమిషం ఎడమకాలి మీద నిలబడాలి. (బాత్రూమ్‌లో వద్దు, తడి నేల!) అది అలవాటయ్యాక తలని మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. ఆ తర్వాత మడతపెట్టిన దుప్పటి మీద నిలబడాలి. ఇంకోటి, టైల్స్ గీత మీద ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్లు ఆనించి నడవడం. చూడ్డానికి కామెడీగా ఉంటుంది కానీ చేస్తే తెలుస్తుంది. వృక్షాసనం వేసేవాళ్లు పాదాన్ని మోకాలికి పైనో కిందో ఆనించండి, సరిగ్గా మోకాలి మీద మాత్రం వద్దు.

ఇది మన ఒక్కళ్ల గోల కాదు. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల వయసున్న 1,702 మందిని ఇలాగే పది సెకన్లు నిలబడమన్నారు. దాదాపు ఐదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. వయసు, జబ్బుల తేడాలు సర్దుబాటు చేసి చూసినా, తర్వాతి ఏళ్లలో వాళ్లకి మరణం రిస్క్ 84 శాతం ఎక్కువగా కనిపించింది. ఫలితాలు 2022లో వచ్చాయి. నిలబడలేకపోవడమే కారణమని కాదు, అదొక అలర్ట్ లాంటిది.

అది చదివి మా అమ్మని నిలబడమన్నా. నాలుగో సెకనుకే నా భుజం పట్టుకుంది. నవ్వేసింది కానీ నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు సీరియల్లో యాడ్స్ వచ్చినప్పుడల్లా డైనింగ్ టేబుల్ పట్టుకుని ప్రాక్టీస్ చేస్తోంది. మొన్న చెయ్యి వదిలేసి తొమ్మిది దాకా లెక్కపెట్టింది.

మీ ఇంట్లో వాళ్లతో చేయిస్తే చేతికందే దూరంలో ఉండండి. కళ్లు మూయించొద్దు. తల తిరుగుతున్నా, షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినా ముందు డాక్టర్‌కి చూపించండి.