పూటకూళ్ళ ఇల్లు మొదలు పెద్ద హోటలు దాకా

హోటలు అనగానే బెంగుళూరు తెలుగువాళ్ళకు ముందుగా గుర్తుకు వచ్చేది ఇడ్లీ, వడ, నురగ తేలే కాఫీ. పడకా, పక్కా గుర్తుకు రావు. చుట్టాలు వస్తే మన యిళ్ళలో దిగాలి గాని హోటల్లో దిగడమేమిటి? మూడు తరాలుగా యీ వూళ్ళో కాపురముంటున్న మా యింట్లో అదొక శాసనం. అందుచేత మొన్న విజయవాడ నుంచి మా పిన్ని కొడుకు ఫోను చేసి, "అన్నయ్యా, వ్యాపారం పనిమీద రెండు రోజులకు వస్తున్నాను. అమ్మనూ, మీ మరదలినీ కూడా తీసుకువస్తున్నాను. మంచి హోటలు ఒకటి చూసి చెప్పు" అన్నప్పుడు నా ప్రాణం చివుక్కుమన్నది.

"మా యిల్లు యేమయింది?" అన్నాను.

"యిల్లు యెక్కడికీ పోలేదు అన్నయ్యా. నాకు రాత్రి పదకొండింటికి అమెరికా వాళ్ళతో మాటలు. పొద్దున్న ఎనిమిదింటికల్లా మరొకరితో భేటీ. మీ యింటిల్లిపాదికీ నిద్ర పాడు చేయడం యెందుకు?" అన్నాడు.

న్యాయమైన మాటే. కాని పిన్ని సంగతి వేరు. మా అమ్మ పోయిన తరువాత నన్ను తన బిడ్డలతో పాటు పెంచిన మనిషి. ఆమె యీ వూరు వచ్చి హోటల్లో పడుకోవడమా? కష్టమనిపించింది. అయినా హోటలు వెతికే భారం నామీదే పడింది గనుక, మంచి హోటలు అంటే యేమిటని నాలుగు రోజులు ఆలోచించాను. మీ యిళ్ళకూ యిలాంటి ఫోను రేపో మాపో వస్తుంది. నేను తెలుసుకున్నది మీకూ పనికివస్తుందని రాస్తున్నాను.

చివరకు నేను కుదిర్చినది రేసుకోర్సు యెదుట వున్న తాజ్ వెస్ట్ యెండ్. దాని పుట్టుక తమాషాగా వుంటుంది. 1887లో బ్రాన్సన్ అనే యింగ్లీషు దొరసాని పది గదులతో అక్కడ పూటకూళ్ళ ఇల్లు పెట్టింది. గురజాడ వారి పూటకూళ్ళమ్మను యెరుగని తెలుగువాళ్ళు వుండరు గదా! "కన్యాశుల్కం" నాటకం మొదట ఆడినది 1892లో. అంటే దానికి ఐదేళ్ళ ముందే మన దండు బెంగుళూరులో ఒక దొరసాని పూటకూళ్ళమ్మ వెలిసిందన్నమాట. ఆ యిల్లు తరువాత స్పెన్సర్ కంపెనీ చేతికి పోయి, 1984లో తాజ్ వారి చేతికి వచ్చింది. యీనాడు సుమారు ఇరవై ఎకరాల తోటలో అక్కడొకటి అక్కడొకటిగా పెంకుల కప్పుల కట్టడాలూ, వాటి మధ్య నూరేళ్ళు దాటిన చెట్లూ.

ఆ తరువాత మన వూళ్ళో పెద్ద హోటళ్ళు చాలానే వచ్చాయి. 1971లో ప్రభుత్వం వారి అశోక్, 1982లో విండ్సర్ మేనర్, 1992లో మహాత్మాగాంధీ రోడ్డులో ఓబెరాయ్, 2001లో పాత విమానాశ్రయం రోడ్డులో మైసూరు రాజభవనం ఫక్కీలో కట్టిన లీలా ప్యాలెస్. అద్దాల మేడలు లెక్కపెట్టలేం. వీటన్నిటిలో యేది మంచిదని అడిగితే, నా జవాబు: "మీ పని యేమిటో ముందు చెప్పండి."

మొదటి పరీక్ష చోటు. బెంగుళూరులో దూరాన్ని మైళ్ళతో గాక గంటలతో కొలవాలి. 2008 మే నెలలో విమానాశ్రయం దేవనహళ్ళి దగ్గరకు వెళ్ళిపోయింది. వెస్ట్ యెండ్ నుంచి అది ముప్ఫై కిలోమీటర్ల పైమాటే. అదే రైలు స్టేషనయితే రెండు మూడు కిలోమీటర్లు. విధానసౌధ, హైకోర్టు కూడా అంత దగ్గరే. మా తమ్ముడి పనులన్నీ వూరి నడిబొడ్డున కాబట్టి ఆ చోటు సరిపోయింది. వైట్‌ఫీల్డులోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో పని వున్నవారు యీ చెట్లకు ఆశపడి యిక్కడ దిగితే, వాళ్ళ రోజంతా కారులోనే తెల్లవారుతుంది. వాళ్ళు పని దగ్గర దిగడమే తెలివి.

రెండవది నిద్ర. గదికి కట్టే సొమ్ములో అసలు కొనుక్కునేది నిద్రే. గది రోడ్డు వైపా, లోపలి వైపా? పెళ్ళిళ్ళు జరిగే హాలు పక్కన వున్నదా? యీ ప్రశ్నలు ముందే అడగండి. ఒకప్పుడు ఒక కొత్త హోటల్లో, పేరు యెందుకు లెండి, నాకిచ్చిన గది నిజంగా సింగారంగా వుంది. కాని స్నానాలగదికి గోడకు బదులు అద్దం. దీపాల మీటలు యెక్కడున్నాయో వెతకడానికే అరగంట. కింద మేళం రాత్రి ఒంటిగంట దాకా. ఆ సింగారం కాల్చనా? వెస్ట్ యెండులో తోట లోతు వల్ల రోడ్డు రొద లోపలికి అంతగా రాదు. దానికి తగ్గట్టు నడక యెక్కువ. మోకాళ్ళ నొప్పుల వాళ్ళు వుంటే భోజనశాలకు దగ్గరగా, మెట్లు లేని గది కావాలని ముందే చెప్పుకోవాలి.

నక్షత్రాల సంగతి ఒక మాట. హోటళ్ళకు నక్షత్రాలు యిచ్చేది కేంద్ర పర్యాటక శాఖ. అడిగిన హోటలుకే పరీక్ష. పెట్టిన గడువు ఐదేళ్ళు. యిన్ని సదుపాయాలు వున్నాయని ఆ నక్షత్రాలు చెబుతాయి గాని, రాత్రి నిద్ర పడుతుందని చెప్పవు.

మూడవది బిల్లు. రోజుకు 7,500 రూపాయలు దాటిన గదికి జీయస్టీ నూటికి 18. దానికి లోపలయితే 2025 సెప్టెంబరు 22 నుంచి నూటికి 5. యిటువంటి హోటల్లో ఆ పై పన్నే పడుతుంది కాబట్టి చెప్పిన అద్దెకు అది కలుపుకొని లెక్క వేసుకోవాలి. వ్యాపారస్థులు మరొకటి గమనించాలి: కర్ణాటకలో గదికి కట్టిన పన్ను కర్ణాటకకే చెందుతుంది. ఆంధ్రలో మాత్రమే రిజిస్టరు అయిన సంస్థ దానిని తన లెక్కలో తగ్గించుకోవడానికి వీలుపడదు. మా తమ్ముడికి యీ మాట కొత్తగా వినిపించింది. యిక భోజనం బిల్లులో సేవా రుసుము అని తమంత తాము వేయకూడదని 2022లో వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశించింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించింది. యివ్వాలనిపిస్తే మనస్ఫూర్తిగా యివ్వండి, వద్దనిపిస్తే తీసివేయమని మర్యాదగా చెప్పండి. వుదయపు ఫలహారం అద్దెలో కలిసిందా, మూడో మనిషి పక్కకు యెంత, అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. గది యిచ్చేది సాధారణంగా మధ్యాహ్నం రెండింటికి. తెల్లవారి రైలు దిగి వెళితే సామాను పెట్టుకొని కూర్చోవలసిందే. మా వాళ్ళు ఆ పూట మా యింటికే వచ్చి స్నానాలు, భోజనాలు కానిచ్చి వెళ్ళారు. మొదటి విజయం నాదేననుకున్నాను!

సాయంత్రం పిన్నిని చూడడానికి వెళ్ళాను. నాలుగవ పరీక్ష అక్కడ కళ్ళారా చూశాను. అది మర్యాద. కోటు వేసుకున్న వాడికి వంగి దండం పెట్టడం గొప్ప కాదు. నేతచీర కట్టి, రబ్బరు చెప్పులు వేసుకొని, యింగ్లీషు ఒక్క ముక్క రాని ముసలమ్మతో యెలా మాట్లాడతారు? అదీ గీటురాయి. వసారాలో కుర్చీ వేసుకొని పిన్ని కూర్చుని వుంది. కుర్రవాడొకడు కన్నడంలో అడుగుతున్నాడు, ఆమె తెలుగులో చెబుతోంది. యిద్దరికీ అన్నీ అర్థమవుతున్నాయి. పాలు యెక్కువ, చక్కెర తక్కువ కాఫీ వచ్చింది.

"యెలా వుంది పిన్నీ?" అన్నాను.

"బాగుందిరా. నాకు నాలుగింటికే మెలకువ వస్తుంది గదా. మీ యింట్లో అయితే కాఫీకి కోడలు లేవాలి. లేవద్దన్నా లేస్తుంది. అది చూసి నేను ఆరింటి దాకా నిద్ర నటిస్తాను. యిక్కడ నాకు ఆ నటన తప్పింది" అన్నది.

నాకు నోట మాట రాలేదు. యిన్నేళ్ళుగా ఆమె మా యింట్లో హాయిగా వుంటోందని అనుకున్నాను. మా అభిమానం ఆమెకు కొంత బరువు కూడా అయిందని నాకు తట్టనే లేదు.

కాసేపాగి ఆమె అన్నది: "కాని ఒరే, యిక్కడ యెంతసేపు కూర్చున్నా 'యేం వండమంటావు పిన్నీ' అని అడిగేవాళ్ళు లేరు. రేపు రాత్రికి మీ యింటికి వస్తాను. కందిపచ్చడి చేయమను."

మరునాడు పిన్ని మా యింటికి వచ్చింది. తమ్ముడూ, మరదలూ హోటల్లోనే వుండి వాళ్ళ పనులు చక్కబెట్టుకున్నారు. ఆ రాత్రి మా ఆవిడ ఫ్లాస్కులో కాఫీ పోసి పిన్ని మంచం పక్కన పెట్టింది. నాలుగింటికి లేచి ఆమె దర్జాగా తాగిందట. హోటలు నుంచి మేము నేర్చుకున్నది అదే.

కాబట్టి చుట్టాలు హోటల్లో దిగుతామంటే నొచ్చుకోకండి. చోటు, నిద్ర, బిల్లు, మర్యాద నాలుగూ చూసి మీరే కుదిర్చి పెట్టండి. ఒక పూట భోజనం మాత్రం మీ యింట్లో అని ముందే మాట తీసుకోండి.