బెజవాడ భోజనము: దానిని దెలుపు వ్రాతలు



విజయవాడ యని నేడు వ్యవహరింపబడు మన బెజవాడతో పని లేని కుటుంబము కృష్ణాడెల్టా గ్రామములలో అరుదు. కొడుకు కొలువనియు, మనుమరాలి చదువనియు, కన్నుల చికిత్స యనియు, వ్యాజ్యపు వాయిదా యనియు ఏదో యొక కారణమున ఆ పట్టణమున నాలుగు దినములు గడుపవలసి వచ్చుచున్నది. అచ్చట దిగినంతనే రెండు ప్రశ్నలు పుట్టును. ఎచ్చట నుండుట? ఏమి తినుట? ఈ ప్రశ్నలకు సమాధానముగా వెలువడు వ్రాతలకు నేడు కొదువ లేదు. ఏ వీధిలో ఏ ఫలహారము బాగుండును, ఏ పేటలో జీవనము సుఖమని చెప్పువారు పలువురు కలరు. వీనిలో ఏవి నమ్మదగినవి? మంచి వ్రాతకు గుర్తులేవి? ఈ విచారమే నేటి నా ప్రసంగవిషయము.

తిండిని గూర్చి వ్రాయుట అల్పులపని యని కొందరు తలంతురు. మన పూర్వకవు లట్లు తలంపలేదు. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామమను వీథినాటకము ఇందుకు మొదటి సాక్ష్యము. మంచనశర్మ, టిట్టిభసెట్టి యను నిరువురు మిత్రులు ఓరుగల్లు పట్టణమున ఒక్క దినము తిరుగుచు చూచినదెల్ల చెప్పుకొందురు. అంగళ్లు, ఆటలు, కోడిపందెములు, జాతరలు, అన్నియు నందు గలవు. ఆకలి వేళకు వారు పూటకూటింటి మాట యెత్తుదురు. అచ్చట దొరకు భోజనమును కవి యొక్క పద్యమున లెక్కపెట్టినాడు. కప్పురభోగి యను సన్నబియ్యపు అన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడే కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, పెరుగు. వడ్డించునది లక్ష్మణవజ్ఝల యింట. వెల ఒక రూక.

ఈ పద్యమున నున్న విశేషమును గమనింపుడు. ఇల్లు ఎవరిదో చెప్పినాడు. వెల చెప్పినాడు. వంటకములను పేరుపేరున చెప్పినాడు. ‘అమృతోపమానము’ అని యొక్క మాటతో పొగడి యూరకుండలేదు. కనుకనే ఆరు శతాబ్దములు గడచినను ఆ విస్తరి మన కన్నులయెదుట నున్నది. ఈ గ్రంథమును పరిష్కరించి, విపులమైన పీఠికతో ప్రచురించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మన కృష్ణాజిల్లా పెదకళ్లేపల్లిలో 1888లో జన్మించినవారు. ఇది శ్రీనాథుని కృతియే యని వారి వాదము. కర్తృత్వమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములు గలవు. ఆ పూటకూటింటి విస్తరి విలువకు దానివలన లోటు రాదు.

రెండవ సాక్ష్యము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. వారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, కాశీ మొదలగు క్షేత్రములు సేవించి, 1831 సెప్టెంబరులో తిరిగి యిల్లు చేరిరి. దారిపొడవున మజిలీ మజిలీకి దినచర్య వ్రాసిరి. ఏ యూర సత్రమున్నది, ఏ యూర నీరు మంచిది, ఏ యంగడిలో ఏ పదార్థము దొరకును అని యాత్రికునకు కావలసిన విషయములు అందు గలవు. ఆ పుస్తకము 1838లో అచ్చయినది. తరువాతి కాలమున దుర్లభము కాగా, బెజవాడలో న్యాయవాదిగా నుండిన దిగవల్లి వేంకట శివరావుగారు విశేషాంశములు చేర్చి 1941లో మరల ప్రకటించిరి. వేటూరివారును దిగవల్లివారును మన సీమవారే యగుట మనకు గర్వకారణము.

ఇట్టి వ్రాతల విలువ ఏమో సురవరము ప్రతాపరెడ్డిగారు నిరూపించిరి. 1949లో వెలువడిన వారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాజుల యుద్ధముల కథ కాదు. జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి అను విషయములను క్రీడాభిరామము, హంసవింశతి మొదలగు కావ్యములనుండి ఏరి కూర్చిన చరిత్ర. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు మొదటిసారి ఇచ్చిన బహుమానము ఈ గ్రంథమునకే లభించినది. నాడు తిండిని గూర్చి వ్రాసినవారు లేకున్నచో ఆ చరిత్రకు ఆధారమే యుండకపోయెడిది.

ఇక నేటి వ్రాతలను పరీక్షించుటకు ఈ పెద్దలనుండియే నాలుగు గుర్తులు గ్రహింపవచ్చును. మొదటిది, స్థలమును వెలయు స్పష్టముగా నుండవలెను. రెండవది, కాలము తెలియవలెను. నిరుడు బాగున్న వంట యేడాదికి మారును. వంటవాడు మారినను మారును. తేదీ లేని వ్రాత ముహూర్తము లేని శుభలేఖ వంటిది. మూడవది, వ్రాసినవాడు తన డబ్బిచ్చి తిన్నాడా, తినిపించినవారి కోరికపై వ్రాసినాడా యని విచారింపవలెను. వీరాస్వామయ్యగారికి ఏ సత్రమువారును పైకమిచ్చి పొగిడించుకొనలేదు. పొగడ్తయే కాని లోపము ఒక్కటియు లేని వ్రాతను సగము తగ్గించి చదువుట మేలు. నాలుగవది, ఆ తిండి ఆ యూరికి ఎట్లు వచ్చినదో చెప్పవలెను. ఈ నాలుగవ గుర్తు నేటి వ్రాతలలో మిక్కిలి అరుదు. కనుక దానిని కొంచెము విస్తరించి మనవి చేసెదను.

బెజవాడ ఉదయపు ఫలహారమనగా ఇడ్డెనలు, మినపట్టు, పెసరట్టు, ఉప్మా. గాంధీనగరమునందలి బాబాయి హోటలు వెన్నతో వడ్డించు ఇడ్డెనలకు పేరుపొందినది. సాయంకాలము బండ్లయొద్ద పునుగులు, మిరపకాయ బజ్జీలు. వీనిని రుచిగా వర్ణించువారు వేయిమంది. ఈ మినుములు, పెసలు ఎక్కడివి యని యడుగువారు లేరు. మీకు చెప్పవలసిన పని లేదు. మన డెల్టాలో వరి కోతకు రెండు మూడు దినముల ముందు చేనిలోనే మినుములు, పెసలు వెదచల్లుదుము. వరి కోసి తీసిన పిమ్మట మడిలో మిగిలిన తేమ చాలును. మంచు తోడయి పైరు పెరుగును. వేరు దున్నకము లేదు, నీరు పెట్టుట లేదు. వరి వెనుక అపరాలు వచ్చు ఈ క్రమమే బెజవాడ యిడ్డెనకును పెసరట్టునకును మూలము. బియ్యమును మినుములును ఒకే మడి బిడ్డలు. రుబ్బురోటిలో మరల కలిసికొనుచున్నవి.

మిగిలిన పదార్థములును దిక్కుదిక్కులనుండి వచ్చి చేరినవే. మిరపకాయ ఏటి ఆవలి గుంటూరు సీమనుండి, మామిడి నూజివీటి మెట్టలనుండి, చేపలు కొల్లేటినుండి, లడ్డు బందరునుండి వచ్చుచున్నవి. ఇన్నియు బెజవాడనే యేల చేరవలెను? బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ ఆ పట్టణమునుండియే పోవుచున్నవి. పడవలు నడచిన కాలమున అవియే రాజమార్గములు. 1889లో నిజాము రైలుదారి బెజవాడకు చేరినది. 1893లో కృష్ణపై రైలువంతెన పూర్తియైనది. చెన్నపట్టణపు కాఫీయు, తెలంగాణపు కందిపప్పును, తూర్పుసీమ బెల్లమును ఒక్క కూడలిలో కలిసికొనుటకు వీలు కలిగినది. రైలు దిగినవానికి అన్నము కావలెను గదా! పూటకూటింటి స్థానమున భోజనశాల, భోజనశాల ప్రక్కన కాఫీ హోటలు వెలసినవి.

ఈ సమృద్ధి అనాదిగా నున్నదని భ్రమింపరాదు. నందన సంవత్సరమున, అనగా 1832-33లో, డొక్కల కరవు వచ్చి గుంటూరు సీమలో లక్షకు మించి జనులు మరణించిరి. ప్రక్కన కృష్ణ పారుచునే యుండెను. నీరు పొలమునకు ఎక్కు త్రోవ లేకుండెను. ఆర్థరు కాటను దొర యోచనమేరకు, చార్లెస్ ఆర్ దొర నిర్వహణమున 1852లో ఆరంభమైన ఆనకట్ట 1855లో ముగిసినది. అది 1952లో తెగగా, దానికి మారుగా కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో వాడుకకు వచ్చినది. దాదాపు 12 లక్షల ఎకరములకు దానినుండి నీరు పారును. బెజవాడ విస్తరిని గూర్చి వ్రాయుచు ఆ యానకట్టను మరచినవాడు అన్నము చూచెనే కాని పొయ్యి చూడలేదు.

మరియొక హెచ్చరిక. చదువునప్పుడు వ్రాసినదానినే కాక వ్రాయనిదానిని కూడ గమనింపవలెను. క్రీడాభిరామమున రూకకు దొరకు విందు కలదు. ఆ రూక లేనివాడు ఆనాడు ఏమి త్రాగెనో తెలియదు. శ్రీనాథుడు పలనాట జొన్నకూడు తిని వెక్కిరించెనని చాటువులు చెప్పుచున్నవి. అది సన్నన్నము మరిగిన నాలుక తీర్పు. పలనాటి రైతు తన జొన్నను గూర్చి ఏమనెనో వ్రాసిపెట్టినవారు లేరు. నేడు కాలము తిరిగినది. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా పాటించినది. బెజవాడలో జొన్నరొట్టెను వైద్యుని సలహాపై వెదకి తినువారు కలరు. నాడు హేళన పొందిన కూడు నేడు పథ్యమైనది. ఒక్కని రుచిని ఊరి రుచిగా నమ్మరాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా? పొరుగింటి పుల్లకూర రుచి యన్నట్లే, పొరుగూరి కూడు చేదనుటయు మనుజస్వభావమే.

ఈ కారణముననే నేను మిమ్ము కొంచెము శ్రమ పెట్టదలచినాను. పట్టణపు భోజనశాలలలో నేడు విరివిగా వండునది సాంబమసూరి. అది బాపట్ల పరిశోధనస్థానమునుండి 1986లో వెలువడిన వంగడము; మంచి బియ్యమే. దానికి పూర్వము మన మళ్లలో పండిన అక్కుళ్లు, కృష్ణకాటుకలు, బంగారుతీగలు ఏ రంగున నుండెడివి? ఎన్ని నెలల పంట? ఏది చలిదికి మంచిది, ఏది అటుకులకు మంచిది, ఏది బాలింతకు పెట్టెడివారు? ఈ ప్రశ్నలకు ఉత్తరములు మీ యొద్దను, మీ యింటి పెద్దముత్తైదువలయొద్దను మాత్రమే యున్నవి. హోటలు ఇడ్డెనను గూర్చి వ్రాయువారు పట్టణమున చాలమంది యున్నారు. చలిది కుండను గూర్చి, అంబలిని గూర్చి, ఉలవచారు కాచు విధమును గూర్చి, ఆవకాయకు ఏ చెట్టు కాయ యెట్లు ఏరవలెనో దానిని గూర్చి వ్రాయువారు లేరు. వండిన చేతులు తరచుగా స్త్రీలవి. వ్రాసిన చేతులు పురుషులవి. అందుచేత తిన్న రుచి గ్రంథమున కెక్కినది, వండిన నేర్పు ఎక్కలేదు.

చేయవలసిన పని సులభము. నలువది పుటల నోటుపుస్తక మొకటి కొనుడు. పుటకు ఒక వంటకమో, ఒక వంగడమో వ్రాయుడు. పేరు, ఋతువు, కొలతలు, వండిన విధము, ఏ పండుగకు, ఏ యూర, ఎవరివలన నేర్చుకొనిరి అను విషయములు చాలును. ‘తగినంత ఉప్పు’ అని వ్రాయవలదు. ఎన్ని చెంచాలో వ్రాయుడు. అప్పటి వెల జ్ఞప్తియందున్నచో దానిని కూడ చేర్చుడు. మీ చేయి వణకినచో మనుమనిచేత వ్రాయింపుడు. ఇల్లాలు చెప్పుచుండగా మీరు వ్రాసినచో మరియు మంచిది. ఆమె మాటను దిద్దవలదు. భాష గ్రాంథికము కానక్కరలేదు. పండితుడనైన నేనే ఈ మాట చెప్పుచున్నాను గనుక సంశయింపవలదు.

పట్టణమునకు పోయిన మీ పిల్లలు ఆ పుస్తకమును చదివి బెజవాడలో ఏ వీధిన ఏది దొరకునో మీకు చెప్పుదురు. వారు తినునది ఏ మడినుండి వచ్చినదో మీరు వారికి చెప్పుదురు. ఓరుగల్లు పూటకూటింటి వెల యొక రూక యని మనకు తెలిసినది ఒక కవి వ్రాసిపెట్టుటవలననే. కృష్ణకాటుకల అన్నము ఎట్లుండెడిదో రాబోవు తరమువారికి తెలియుట మీ వ్రాతపై ఆధారపడియున్నది. మీలో ఏ పదుగురైనను ఈ పనికి పూనుకొందురని నమ్మి, సెలవు గైకొనుచున్నాను.