చిన్న క్యాబినెట్‌లో కంప్యూటర్: వేడిని, చప్పుడును విడివిడిగా కొలిస్తే ఎందుకు చాలదు?

బల్ల మీద ఓ మూలకు ఒదిగిపోయే చిన్న కంప్యూటర్ క్యాబినెట్లను ఇష్టపడేవారు చాలామందే ఉన్నారు. (తెలుగు రాష్ట్రాల దుకాణాల్లో పెట్టె మొత్తాన్నీ ‘సీపీయూ’ అనడం అలవాటు. నిజానికి సీపీయూ అంటే లోపల అరచేతిలో ఇమిడే ప్రాసెసర్ మాత్రమే.) కొనేముందు సాధారణంగా చూసేది ఒక్క అంకె: పరీక్షలో ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలకు చేరింది? ఆ అంకెను మాత్రమే నమ్ముకుంటే మే నెలలో ఇబ్బంది తప్పకపోవచ్చు.

22 డిగ్రీల గదిలో చేసిన పరీక్షలో ప్రాసెసర్ 72 డిగ్రీలకు చేరిందనుకుందాం. తేడా 50 డిగ్రీలు. ఫ్యాన్ల వేగం, ప్రాసెసర్ వాడే విద్యుత్తు మారనంతవరకు ఈ తేడా దాదాపు స్థిరంగా ఉంటుంది. అదే పెట్టె 38 డిగ్రీల గదిలో ఉంటే ప్రాసెసర్ వేడి 88 డిగ్రీలు. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో బయటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు కాబట్టి, ఏసీ లేని గదిలో 38 డిగ్రీలు అతిశయోక్తి కాదు. నేటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 95 నుంచి 100 డిగ్రీలు. ఆ హద్దును తాకగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అంటే ఎక్కువ ధర పెట్టి కొన్న వేగం, అవసరమైన వేళకే అందకుండా పోతుంది.

అందుకే గది ఉష్ణోగ్రతను చెప్పని పరీక్షకు పెద్దగా విలువ లేదు. దాన్ని కొలవాల్సింది కూడా గోడ దగ్గర కాదు, పెట్టెలోకి గాలి ప్రవేశించే చోట. 300 వాట్లు వాడే కంప్యూటర్ దాదాపు అంత వేడినీ గదిలోకే వదులుతుంది. తలుపులు మూసి పరీక్షిస్తే గదే క్రమంగా వేడెక్కుతుంది. పైగా లోహం, గాజు పూర్తిగా వేడెక్కడానికి సమయం పడుతుంది. కనీసం అరగంట పనిభారం మోపకుండా తీసిన అంకెలు ఆశాజనకంగానే కనిపిస్తాయి.

చప్పుడు సంగతి

మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు కొలతలు 170 మిల్లీమీటర్లు పొడవు, అంతే వెడల్పు. ఇలాంటి బోర్డు పట్టే పెట్టెల్లో చాలావాటికి పెద్ద ఫ్యాన్లకు చోటుండదు. చిన్న ఫ్యాన్ అంతే గాలిని నెట్టాలంటే మరింత వేగంగా తిరగాలి. ఫ్యాన్ వేగం రెట్టింపైతే చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు పెరుగుతుంది. 10 డెసిబెళ్ల పెరుగుదలే చెవికి రమారమి రెండింతల చప్పుడుగా తోస్తుంది. కాబట్టి ఫ్యాన్లను పూర్తి వేగంతో తిప్పి ‘చల్లగా ఉంది’ అని చెప్పడం సులభం. ఆ హోరు పక్కన కూర్చుని పనిచేయడం సులభం కాదు.

రెండు పెట్టెలను న్యాయంగా పోల్చాలంటే, ముందు రెండింటి చప్పుడును ఒకే స్థాయికి తేవాలి. ఉదాహరణకు, ఒకే దూరం నుంచి కొలిచినప్పుడు 35 డెసిబెళ్లు వచ్చేలా ఫ్యాన్ల వేగాన్ని సరిచేసి, ఆ తరువాతే ఉష్ణోగ్రతలను చూడాలి. గదిలోని ఇతర శబ్దం అంతకన్నా కనీసం 10 డెసిబెళ్లు తక్కువగా ఉంటేనే కొలత నమ్మదగినది. అంటే రాత్రివేళ, సీలింగ్ ఫ్యాన్ ఆపి కొలవాలి. వేసవిలో అది పరీక్షించేవారికీ పరీక్షే. ఫోన్‌లోని యాప్‌లు ఇంత తక్కువ శబ్దాన్ని కచ్చితంగా చెప్పలేవు. సన్నని కీచు ధ్వని మీటరులో తక్కువగా నమోదైనా చెవిని వేధించవచ్చు కనుక, విని చెప్పిన మాటకూ చోటుండాలి.

ఇంట్లోనే చేయదగిన పరీక్ష

ఖరీదైన పరికరాలు లేకున్నా ఒక విషయం తేల్చుకోవచ్చు. ఫ్యాన్ల వేగాన్ని మార్చకుండా, ఒకే పనిభారంతో అరగంట నడిపి ఉష్ణోగ్రత రాసుకోవాలి. తరువాత పక్క పలకను తీసి మళ్లీ అరగంట నడపాలి. తేడా రెండు మూడు డిగ్రీలే అయితే పెట్టె గాలిని బాగానే పీల్చుకుంటోంది. పది డిగ్రీలు దాటితే లోపం ఫ్యాన్లలో కన్నా గాలి దారిలోనే ఉన్నట్లు. రంధ్రాలు లేని గాజు పలక, దుమ్ము పట్టిన జాలీ, గోడకు మరీ దగ్గరగా ఉండటం వల్ల బయటకు పోయిన వేడిగాలే తిరిగి లోపలికి రావడం ఇందుకు కారణాలు కావచ్చు. పెట్టెను గోడ నుంచి జానెడు దూరం జరిపి మూడోసారి కొలిస్తే చివరి కారణం వెంటనే తేలిపోతుంది.