ముప్ఫై లక్షల టికెట్టు దొరికింది... మరి సీటో?

చివరి ఓవర్, చివరి బంతి. కుర్రాడి స్కోరు 194. బంతి వేస్తున్నది టెస్టులాడిన ఆకాశ్‌దీప్. సింగిల్ తీసినా ఎవరూ తప్పుపట్టరు. కుర్రాడు మాత్రం బంతిని గాల్లోకి లేపాడు. సిక్సర్! 200 నాటౌట్.

2026 జనవరి 6న రాజ్‌కోట్‌లో విజయ్ హజారే ట్రోఫీ మ్యాచ్ అది. ఎదురుగా ఉన్నది బెంగాల్. వాళ్ల బౌలర్లెవరో తెలుసా? షమి, ముకేశ్ కుమార్, ఆకాశ్‌దీప్. ముగ్గురూ భారత టెస్టు జట్టుకు ఆడినవాళ్లే. ఆ ముగ్గుర్నీ ఎదుర్కొని 154 బంతుల్లో 12 ఫోర్లు, 13 సిక్సర్లు బాదిన 21 ఏళ్ల ఓపెనర్ పేరు పేరాల అమన్‌రావు. సొంతూరు కరీంనగర్ జిల్లా సైదాపూర్ మండలం వెన్నంపల్లి. తొలి వందకి 108 బంతులు తీసుకున్నాడు. రెండో వంద 46 బంతుల్లోనే వచ్చేసింది! హైదరాబాద్ 352 పరుగులు చేసి, 107 పరుగుల తేడాతో గెలిచింది.

ఈ ఇన్నింగ్స్‌కి మూడు వారాల ముందే, 2025 డిసెంబరులో అబుదాబిలో జరిగిన ఐపీఎల్ వేలంలో రాజస్థాన్ రాయల్స్ అతణ్ని 30 లక్షలకు తీసుకుంది. దాంతో ఊళ్లో సంబరాలు, ఫోన్లలో వీడియోలు... 'మనోడు ఐపీఎల్‌కి వెళ్తున్నాడు' అన్న మాట చౌరస్తాలు దాటింది. ఐపీఎల్‌కి వెళ్లడం వేరు, ఐపీఎల్‌లో ఆడటం వేరు. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరం గురించే అసలు చర్చ.

లెక్క ఇదీ!

ఐపీఎల్ జట్టులో గరిష్ఠంగా 25 మంది ఉంటారు. అందులో విదేశీయులు ఎనిమిది మందికి మించకూడదు. అంటే నిండు జట్టులో మనవాళ్లు పదిహేడు మందైనా ఉంటారు. మైదానంలో దిగే పదకొండు మందిలో నలుగురు విదేశీయులైతే మనవాళ్లకు మిగిలేవి ఏడు స్థానాలు, ఇంపాక్ట్ ప్లేయర్‌తో కలిపితే ఎనిమిది. పదిహేడు మందికి ఎనిమిది కుర్చీలు. వినడానికి అంత కష్టంగా ఏమీ అనిపించదు. కానీ ఆ కుర్చీల మీద ముందే తువ్వాళ్లు పరిచి ఉంటాయి, మన ఆర్టీసీ బస్సుల్లోలాగా!

2026 సీజన్ వేలం ముగిసేసరికి రాజస్థాన్ పరిస్థితి చూడండి. ఓపెనర్‌గా యశస్వి జైస్వాల్, 18 కోట్లు. రెండో ఓపెనర్ వైభవ్ సూర్యవంశి. 2025 ఏప్రిల్‌లో గుజరాత్ మీద 35 బంతుల్లోనే వంద కొట్టి దేశమంతా నోరెళ్లబెట్టేలా చేసిన 14 ఏళ్ల పిల్లాడు. ఆ తర్వాత రియాన్ పరాగ్, ధ్రువ్ జురెల్... చెరో 14 కోట్లు. కోట్లు పోసి కొన్న ఆటగాడు నాలుగు మ్యాచ్‌ల్లో విఫలమైనా అయిదో మ్యాచ్‌లో ఉంటాడు. ముప్ఫై లక్షలవాడికి ఒక్క మ్యాచ్ చాలు, బెంచీ మీదికి తిరిగి వెళ్లడానికి. బయటికి ఎవరూ చెప్పరుగానీ నడిచే లెక్క ఇదే.

అమన్‌కి కలిసొచ్చేవి లేకపోలేదు. పదేళ్లకు పైగా రాజస్థాన్‌కి ఆడిన సంజు శాంసన్‌ను 2025 నవంబరులో చెన్నైకి ఇచ్చేసి, బదులుగా జడేజా, శామ్ కరన్‌లను తెచ్చుకున్నారు. దాంతో పైవరసలో కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్ ఒకడు తగ్గాడు. జైస్వాల్, వైభవ్ ఇద్దరూ ఎడమచేతి వాటమే. అమన్‌ది కుడిచెయ్యి. అన్నట్టు, వైభవ్‌కి తొలి అవకాశం ఎలా వచ్చిందో గుర్తుందా? శాంసన్ గాయపడితే! ఒకడి పక్కటెముకల నొప్పి ఇంకొకడి తలరాత మార్చేసింది. బెంచీ మీద కూర్చున్న ప్రతి కుర్రాడికీ ఈ సంగతి తెలుసు. పైకి అనలేడు, అంతే.

పోత్గల్ కుర్రాడి కథ

పాత కరీంనగర్ జిల్లాకి ఈ ముచ్చట కొత్త కాదు. సరిగ్గా రెండేళ్ల ముందు, 2023 డిసెంబరులో దుబాయ్ వేలంలో చెన్నై సూపర్ కింగ్స్ 20 లక్షలకు తీసుకున్న వికెట్ కీపర్ అరవెల్లి అవనీష్‌రావుది సిరిసిల్ల జిల్లా ముస్తాబాద్ మండలం పోత్గల్. ఆ తర్వాత నెలలోనే దక్షిణాఫ్రికాలో అండర్-19 ప్రపంచకప్‌లో భారత్‌కి కీపింగ్ చేశాడు. మనవాళ్లు ఫైనల్‌దాకా వెళ్లి ఆస్ట్రేలియా చేతిలో ఓడారు.

తీరా చెన్నైలో ఏమైంది? వికెట్ల వెనకాల ధోని! ఇంక చెప్పేదేముంది? 2024 సీజన్ మొత్తంలో అవనీష్‌కి ఒక్క మ్యాచ్ దక్కలేదు. 2025 మెగా వేలానికి ముందు చెన్నై అట్టిపెట్టుకున్న అయిదుగురిలో అతడి పేరు లేదు. ధోని పేరు ఉంది, అదీ అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడని కుర్రాళ్ల కోటాలో, 4 కోట్లకు! అయిదేళ్లుగా అంతర్జాతీయ మ్యాచ్ ఆడనివాళ్లనూ ఆ కోటాలో చేర్చవచ్చన్న నిబంధన పుణ్యమది.

గమనించండి. అవనీష్‌కి వచ్చిన 20 లక్షలు, అమన్‌కి వచ్చిన 30 లక్షలు ఆయా వేలాల్లో కనీస ధరలే. అంటే పోటీపడి పాడినవాళ్లు లేరన్నమాట. అలాగని నిరాశపడనక్కర్లేదు. నితీశ్‌కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 20 లక్షలకే తీసుకుంది. 2023లో ఆడింది రెండు మ్యాచ్‌లు, వాటిలో బ్యాటింగే రాలేదు. మరుసటి ఏడాది 303 పరుగులు చేశాడు, ఆ ఏడాది ముగిసేలోగా మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టాడు. విశాఖ కుర్రాడు కోన శ్రీకర్ భరత్‌ని 2015లోనే ఢిల్లీ కొనుక్కుంది. తొలి ఐపీఎల్ మ్యాచ్ ఆడింది మాత్రం 2021లో, బెంగళూరుకి. అదే సీజన్‌లో ఆ ఢిల్లీ మీదే చివరి బంతికి సిక్స్ కొట్టి గెలిపించాడు. ఆరేళ్లు ఓపికపడితే దొరికిన బంతి అది. హైదరాబాద్ ఆల్‌రౌండర్ భగత్ వర్మ కూడా 2021లో చెన్నై శిబిరం దాకా వెళ్లాడు. ఆ సీజన్‌లో మ్యాచ్ మాత్రం దక్కలేదు.

డబ్బు సంగతికొస్తే, 2025 నుంచి ఐపీఎల్‌లో ఆడిన ప్రతి మ్యాచ్‌కీ అదనంగా ఏడున్నర లక్షల ఫీజు వస్తోంది. నాలుగు మ్యాచ్‌లు ఆడితే అమన్‌కి వేలం ధరంత మొత్తం మళ్లీ చేతికొస్తుంది. బెంచీ మీద కూర్చుంటే రాదు.

వెన్నంపల్లి నుంచా, ఉప్పల్ నుంచా?

ఇక్కడో చేదు నిజం చెప్పుకోవాలి. అమన్, అవనీష్ ఇద్దరి మూలాలూ పల్లెల్లో ఉన్నాయి, క్రికెట్‌లో మెట్లెక్కింది మాత్రం హైదరాబాద్‌లో. ఊళ్లోనే ఉండి, కరీంనగర్ అంబేడ్కర్ స్టేడియంలోనో ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలోనో ఆడుతూ ఐపీఎల్ వేలందాకా రావాలంటే? ముందు హైదరాబాద్ రంజీ జట్టులో చోటు దొరకాలి. ఆ జట్టుకు దారి నగరంలోని క్లబ్బుల లీగుల గుండా పోతుంది. కరీంనగర్ నుంచి ఉప్పల్ నూటఅరవై కిలోమీటర్లు. ఆదిలాబాద్ నుంచి మూడొందలు. వారానికి రెండుసార్లు మ్యాచ్‌ అంటే ఆ కుటుంబం నగరంలో ఇల్లు అద్దెకు తీసుకోవాల్సిందే. ఊళ్లో అలవాటైన మ్యాటింగ్ పిచ్ మీద బంతి ఒకలా లేస్తుంది, టర్ఫ్ మీద ఇంకోలా వస్తుంది. ఆ తేడా పట్టుబడేసరికి ఓ సీజన్ గడిచిపోతుంది.

ఇంత దూరం వచ్చాక తలుపు తీసేవాళ్లెవరు? హైదరాబాద్ క్రికెట్ సంఘం వ్యవహారాలు చక్కదిద్దడానికి సుప్రీంకోర్టు 2023లో జస్టిస్ ఎల్.నాగేశ్వరరావుతో ఏకసభ్య కమిటీ వేయాల్సొచ్చింది. 2025 జులైలో సంఘం అధ్యక్షుణ్నే సీఐడీ అరెస్టు చేసింది. పెద్దల తగవులు తీరేలోపు పదిహేనేళ్ల పిల్లాడికి పద్దెనిమిది వచ్చేస్తాయి, అండర్-16 జట్టు కోసం మళ్లీ వెనక్కి వెళ్లలేడు.

ఆదిలాబాద్ కుర్రాడికి నిజానికి నాగ్‌పూరే దగ్గర. ఆ నాగ్‌పూర్ పక్కనే వల్ని బొగ్గు గని కాలనీలో గని కార్మికుడి కొడుకు ఒకడు ఇరవై ఏళ్లొచ్చేదాకా టెన్నిస్ బంతితోనే ఆడాడు. పోలీసు ఉద్యోగానికి ప్రయత్నించి విఫలమయ్యాడు. 2008లో విదర్భ రంజీ జట్టులోకి తీసుకుంటే, 2010 నాటికి ఢిల్లీ ఐపీఎల్ జట్టులో, అదే ఏడాది భారత వన్డే జట్టులో ఉన్నాడు. ఉమేశ్ యాదవ్... 57 టెస్టులు, 170 వికెట్లు! ఫాస్ట్ బౌలర్‌కి ఉన్న సుఖం అదే. వేగం ఒక్క స్పెల్‌లో కనిపించిపోతుంది. సిరాజ్‌ది కూడా అదే దారి. బ్యాట్స్‌మన్‌కైతే పరుగుల చిట్టా చూపించాలి, అందుకు మ్యాచ్‌లు కావాలి.

బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని... ఇవన్నీ వల్ని లాంటి గని కాలనీలే. షిఫ్టు సైరన్ మోగాక క్వార్టర్ల మధ్య ఖాళీ స్థలాల్లో టెన్నిస్ బంతితో వేగంగా విసిరే కుర్రాళ్లు అక్కడా ఉన్నారు. తోలు బంతి చేతికిచ్చి వేగం కొలిచి, రంజీ సెలెక్టర్ దాకా తీసుకెళ్లే మనిషి ఉమేశ్‌కి ఇరవై ఏళ్ల వయసులో దొరికాడు.