తుంగభద్ర గట్టున కావలి

గూడూరునుండి ఉత్తరముగ పోయినచో సుంకేసులకడ తుంగభద్ర యెదురగును. ఆవలి గట్టున రాజోలి. ఇచ్చటి నేతగానికిని అచ్చటి నేతగానికిని భాష యొకటియే, పలుచోట్ల వియ్యములును గలవు. అయినను 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీకి వదలుకొనినది మొదలు ఈ నది రెండు దొరతనములకు ఎల్లయయ్యెను. ఈవలి 100 రూపాయలకు ఆవల హాలీ రూపాయలు 116కు పైగా ముట్టెడివి; సరుకు దాటింపవలెనన్న కరోడ్‌గిరి సుంకము చెల్లింపవలసియుండెను. ఇది విసుగు పుట్టించునదేగాని ప్రాణము తీయునది గాదు.

1947 ఆగష్టు 15తో స్థితి మాఱెను. ఈవలి గట్టు స్వతంత్ర భారతము. ఆవలి గట్టున నిజాము తానే స్వతంత్రుడనని చాటుకొనెను. నవంబరు 29న ఏడాది గడువుతో యథాతథపు ఒడంబడిక కుదిరినను కాసిం రజ్వీ రజాకార్ల ఆగడములు ఆగలేదు. కుటుంబములకు కుటుంబములు నది దాటి కర్నూలు, ఆదవాని వైపు రాసాగెను. ఆదవాని యప్పుడు బళ్లారి జిల్లాలోనిది. 1953లోగాని కర్నూలులో చేరలేదు. ఎల్లవెంబడి స్టేటు కాంగ్రెసువారి శిబిరములు వెలసెను. మదరాసు ప్రభుత్వము మలబారు స్పెషలు పోలీసులను కావలికి నిలిపెను.

ఆ కావలివాని పని యెట్టిదో యోచింపుడు. వానకాలమున పుట్టి లేనిదే దాటరాని నది వేసవిలో అనేకచోట్ల కాలినడకకే దారియిచ్చును. చీకటిలో ఇసుకమీద ఏదో కదలును. బిడ్డనెత్తుకొని పారివచ్చు రైతా? ధాన్యము దొంగతనముగ దాటించు వర్తకుడా? కొంపలంటింప వచ్చు రజాకారా? ఒడంబడిక నడచునంతకాలము తాను నది దాటరాదు. చేత తుపాకి యుండియు పేల్చకుండుటయే వాని ఉద్యోగము. యుద్ధముకంటె ఇది కష్టతరమని మా యభిప్రాయము. యుద్ధభటునకు శత్రువెవ్వడో తెలియును గదా!

1948 సెప్టెంబరు 13న ఆ నిరీక్షణ ముగిసెను. మేజరు జనరలు చౌధురి సేనలు షోలాపురమునుండి కదలెను. దక్షిణమున తుంగభద్ర రైలువంతెన ఎడమగట్టును పట్టుటకు 5/5 గూర్ఖా రైఫిల్సు దళము వచ్చెను. ఎదుటినుండి బ్రెన్‌గన్ను దళమును నిలువరింపగా, నాయక్ నర్‌బహదూర్ థాపా నూఱుగజముల బట్టబయలును పరుగున దాటి ఖుక్రీతో ఆ తుపాకివారిని కూల్చెను. ప్రథమశ్రేణి అశోకచక్రము ఆయనకు లభించెను. ఐదుదినములలో నిజాము లొంగెను.

ఇంతవఱకు పాఠకులెఱిగిన కథయే. చెప్పుకొనుటకు ఉత్సాహము మెండు. తరువాతి కథకు నోరు రాదు. నెహ్రూ పంపిన పండిత సుందరలాల్ సంఘము ఆ యేడు చివర సంస్థానమున పర్యటించి, పోలీసుచర్యనాటినుండి 27,000 మొదలు 40,000 వఱకు జనులు హతులైరని అంచనా వేసెను. వారిలో దాదాపు అందఱును ముస్లిములు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి చెడెను. కొన్నిచోట్ల సైనికులును పోలీసులును దోపిడికి తోడ్పడిరనియు నివేదిక చెప్పినది. ప్రభుత్వము దానిని దశాబ్దములపాటు బయటపెట్టలేదు. రజాకార్ల పాపమునకు, వారితో పొత్తెఱుగని పేదసాహెబులు బలియైరి. నది కాచినవారు చాలమంది. ఆ యిండ్లను కాచినవారేరీ?

కొందఱు కాచిరి. ఆ నివేదికలోనే యున్న ఆ మాటను గూడూరు, యెమ్మిగనూరు వంటి నేతయూళ్లవారు మఱవరాదు. కొన్నిచోట్ల హిందూ నేతగాండ్రు తోటి ముస్లిము నేతగాండ్రకు అడ్డునిలిచి ప్రాణములు సైతము కోలుపోయిరట. వారికి ఏ చక్రమును లేదు.

ఐదేండ్లకు మన సేనకు వేఱువిధపు కావలి లభించెను. రెండుగ చీలిన కొరియాలో 1953 జూలై 27న యుద్ధవిరమణ కుదిరినపిదప, స్వస్థలములకు పోనొల్లని 22,000కు పైబడిన ఖైదీలను మేజరు జనరలు తోరత్ నాయకత్వమున భారతదళము కాపాడవలసివచ్చెను. కాపాడవలసినది గీతను గాదు, మనుష్యులను. ఏ పక్షమునకును పోమనిన 88 మందిని 1954 ఫిబ్రవరిలో మనవారు తమవెంటనే ఓడనెక్కించుకొని వచ్చిరి. అచ్చట నాలుగు కిలోమీటర్ల వెడల్పు గల నిస్సైన్యమండలము నేటికిని గలదు. దాని కిరువైపుల భటులును గలరు.

మన తుంగభద్ర 2014 జూన్ 2 మొదలు మఱల ఎల్లయైనది. రాజోలి తెలంగాణము, సుంకేసుల ఆంధ్రము. సేనలు లేవు, పోలీసులు చాలిరి. 2021 మే నెలలో, కరోనా ఉధృతముగ నున్నవేళ, హైదరాబాదు ఆసుపత్రులకు రోగులను గొనిపోవు అంబులెన్సులను కర్నూలు దాటగనే పుల్లూరుకడ ఆపివేసిరి. ఆసుపత్రినుండి ముందుగ అనుమతి గలవారినే విడుతుమనిరి. లోన ఊపిరాడని రోగి, వెలుపల కానిస్టేబులును బ్రతిమాలు బంధువు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ యుత్తరువును నిలిపివేసినపిదప బండ్లు కదలెను.