చిగుళ్లకు మన రక్తమే సాయం

మాకవరపాలెం, నర్సీపట్నం చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవారి పన్ను కదిలితే, "వయసు మీద పడింది, పళ్లు ఊడక ఏం చేస్తాయి?" అని సరిపెట్టుకొంటాము. ప్రియ పాఠకులారా, పళ్లను ఊడగొట్టేది వయసు కాదు. చాలామందిలో దానికి కారణం చిగుళ్ల జబ్బు.

పంటి మొదట్లో పేరుకొన్న పాచి గట్టిపడి గార అవుతుంది. అందులోని సూక్ష్మక్రిముల వలన చిగురు వాచి, రక్తం కారుతుంది. క్రమంగా పంటికీ చిగురుకూ నడుమ సందు లోతవుతుంది. పంటిని పట్టి ఉంచే నారపోగులు, దవడ ఎముక కరిగిపోతాయి. నొప్పి అంతగా ఉండదు గనుక, మనం మేల్కొనేసరికి పన్ను ఊగుతూ ఉంటుంది. కరిగిన ఎముక తనంతట తాను తిరిగి పెరగదు.

దానిని కొంతవరకైనా తిరిగి పెంచడానికి వైద్యులు రోగి రక్తాన్నే వాడుతున్నారు. వేలు తెగినప్పుడు రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు మీకు తెలిసినవే. గాయాన్ని మాన్పే పదార్థాలు కూడా వాటిలో ఉన్నాయి. చేతి నరం నుండి కొద్దిపాటి రక్తం తీసి, యంత్రంలో వేగంగా తిప్పితే ఎర్రకణాలు అడుగుకు చేరతాయి. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న పసుపు ద్రవాన్ని వేరు చేస్తారు. దీనినే పి.ఆర్.పి. అంటారు. దవడ ఎముక చికిత్సలో దీని ఉపయోగాన్ని 1998లో అమెరికా వైద్యుడు రాబర్ట్ మార్క్స్ తన పరిశోధనలో చూపారు. 2001లో ఫ్రాన్సులో షుక్రూన్ బృందం, రక్తంలో ఏ మందూ కలపకుండా గడ్డగా తయారుచేసే పద్ధతిని ప్రకటించింది.

చిగురును తెరిచి, లోపలి గారను శుభ్రం చేసి, ఎముక కరిగిన గుంటలో దీనిని ఉంచి కుట్లు వేస్తారు. ఎముక పొడి కూడా కలపవచ్చు. మన రక్తమే గనుక ఇతరుల రోగాలు అంటుకొంటాయనే భయం లేదు.

అయితే ఇది మంత్రం కాదు. లోతుగా, ఇరుకుగా ఉన్న గుంటల్లో మేలు కనబడింది గాని, ఆ ఫలితం అందరిలో ఒకేలా లేదు. ఎముక అంతా సమంగా కరిగిపోయిన చోట పెద్దగా ఉపయోగపడదు. కలుపు తీయని మడిలో ఎంత మంచి విత్తనం చల్లినా ఏమి పండుతుంది?

చుట్ట, బీడీ, గుట్కా మానని నోటిలో గాయం సరిగా మానదు. మన ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పువైపు నోటిలో పెట్టుకొనే అడ్డపొగ అలవాటు పాతది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, ఈ అలవాటు అంగిట్లో కలిగించే హానిని వివరించిన అధ్యయనం 1971లోనే వెలువడింది. అదుపులో లేని మధుమేహం కూడా చిగుళ్లకు శత్రువే.

"గార తీయిస్తే పళ్లు కదులుతాయి" అనే మాట నమ్మవద్దు. పళ్లను కదిలించేది జబ్బు. గార తీసినందువలన అది బయటపడుతుంది, అంతే. తోముకొనేటప్పుడు రక్తం కనబడిన రోజే దంతవైద్యునికి చూపించండి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. అవసరమైతే ఆయన దంతవైద్య కళాశాలలోని చిగుళ్ల విభాగానికి పంపుతారు.

ఇంట్లో అమ్మమ్మకు మెత్తని అన్నం కలిపి పెట్టడం ప్రేమే. ఆమె పన్ను ఇంకా నిలిచి ఉండగానే వైద్యునికి చూపించడం అంతకంటె గొప్ప ప్రేమ.