అటక దిగిన ఉయ్యాల

అమ్మాయికి ఏడో నెల వచ్చిందంటే పుట్టింట్లో అటక మీదున్న ఉయ్యాలకి మంచిరోజులొచ్చినట్టే. 'నువ్వు పడుకున్నదే, నీ బిడ్డా అందులోనే పడుకోవాలి' అంటుంది అమ్మ. ఆ ఇంట్లో లేకపోతే పెదనాన్నగారింట్లోనో, పక్కవీధి మామ్మగారింట్లోనో ఒకటి ఉండనే ఉంటుంది. అక్కడా దొరక్కపోతే హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ లాంటి పాత సామాన్ల సంతలున్నాయి. కొత్త ఫర్నిచర్‌లో చాలామటుకు రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన చెక్కే. పాత ఉయ్యాలేమో అచ్చమైన టేకు. దాన్ని బాగుచేయించుకోవాలన్న ఆశ సహజమే. అయితే ఉప్పుకాగితం చేతికి తీసుకునేముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పాత చెక్కతో పాపాయికి వచ్చే ముప్పు తక్కువ. దాని మీదున్న పాత రంగుతోనే అసలు పేచీ.

స్పిరిట్ చెప్పే జాతకం

ఉయ్యాల దించగానే గీకడం మొదలెట్టకూడదు. ముందు గోరువెచ్చని సబ్బునీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవాలి. నీడన ఆరబెట్టాలి. సగం ఉయ్యాలలకి అంతకుమించి వైద్యం అక్కర్లేదు... నల్లగా కనిపించేది చెక్క కాదు, ఏళ్లతరబడి పేరుకున్న జిడ్డూ పొగా!

ఆరాక అడుగువైపు, కంటికి కనబడని చోట స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్ది చూడాలి. దూదికి గోధుమరంగు జిగురు అంటుకుందా, అది లక్క పాలిష్. లక్కపురుగు స్రవించే బంకను శుద్ధిచేసి రేకులుగా ఆరబెట్టి, స్పిరిట్‌లో కరిగించి పూసేదే ఆ పాలిష్. అదే లక్కని మందుబిళ్లల పైపూతకీ వాడతారు. లక్క పాలిష్ అయితే సగం పని తప్పినట్టే. కొత్తగా వేసే పూత పాతదాన్ని కాస్త కరిగించి దాంతో కలిసిపోతుంది కాబట్టి మొత్తం గీకి పారేయనక్కర్లేదు. సన్న ఉప్పుకాగితంతో పైపైన రుద్దితే చాలు.

దూదికి ఏమీ అంటకపోయినా, చెక్క మీద పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులు కనిపించినా అక్కడే ఆగాలి.

ఆ రంగుల్లో ఏముంది?

సీసం. పసుపు, నారింజ రంగుల మెరుపు కోసం ఒకప్పుడు ఎనామిల్ పెయింట్లలో సీసపు క్రోమేట్ కలిపేవారు. త్వరగా ఆరడానికీ సీసం కలిసిన పదార్థాలే వాడేవారు. అమెరికా 1978లోనే ఇళ్లలో వాడే రంగుల్లో సీసాన్ని నిషేధించింది. మనదేశంలో 90 పీపీఎం మించి సీసం ఉన్న ఇంటి రంగుల తయారీకి 2017 నవంబరు 1తో అడ్డుకట్ట పడింది. అంటే అమ్మమ్మల కాలంలోనే కాదు, 2010లో వేసిన రంగునీ అనుమానించాల్సిందే. చట్టం వచ్చాక కూడా కొన్ని చిన్న కంపెనీల రంగుల్లో సీసం ఎక్కువగానే బయటపడింది.

పళ్లొచ్చే వయసులో పిల్లలు ఉయ్యాల అంచును కొరకకుండా ఉండరు. మింగిన సీసాన్ని పెద్దలకన్నా పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదైతే ఫరవాలేదనే హద్దు సీసానికి లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. గర్భిణి ఒంట్లో చేరిన సీసం కడుపులో బిడ్డకీ చేరుతుంది. పుట్టబోయే పాప కోసమంటూ కాబోయే తల్లే ముచ్చటపడి కూర్చుని పాత రంగు గీకడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా!

పొడిగా రుద్దితే సీసం దుమ్మై ఇల్లంతా చేరుతుంది. మంటతో కాల్చి ఊడదీస్తే పొగలో కలుస్తుంది. చేయించక తప్పదనుకుంటే ఇంటికి దూరంగా, ప్లాస్టిక్ పట్టా పరిచి, నీళ్లతో తడుపుతూ నీటికి తట్టుకునే కాగితంతో గీకించాలి. పనివాడికి మంచి మాస్కు ఇవ్వాలి. రాలినదాన్ని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తాలి, పెరట్లో పారబోయకూడదు. నగిషీల సందుల్లో రంగు దిగిపోయి ఉంటే మాత్రం ఆశ వదులుకోవడమే మేలు. దాన్ని హాల్లో పూలకుండీలకో, పుస్తకాలకో ఇచ్చేయొచ్చు.

ఊచల మధ్య ఎంత?

రంగు సంగతి తేలాక టేపు తీయాలి. ఊచల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. ఎక్కువుంటే పాపాయి ఒళ్లు జారి తల ఇరుక్కుపోతుంది. పరుపుకీ అంచుకీ మధ్య రెండు వేళ్లకన్నా ఎక్కువ సందు ఉండకూడదు. కుసులు వదులైతే మేకులు కొట్టి సరిపెట్టకుండా విప్పించి జిగురుతో బిగించమనాలి. సన్న బెజ్జాల్లోంచి పిండిలాంటి పొడి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉన్నట్టు. పాపాయి పడుకునే చోట పురుగుమందు కొట్టలేం కాబట్టి ఆ ఉయ్యాలకి నమస్కారం పెట్టేయాలి.

పురుడు పోయడానికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకీ ఓ మాట. అక్కడి గరాజ్ సేల్‌లో పక్కగోడ కిందికి జారే పాత తొట్టి చవగ్గా కనిపిస్తే ముచ్చటపడొద్దు. ఆ రకాన్ని 2011 జూన్ నుంచి అమ్మడమే నిషేధం, సెకండ్ హ్యాండ్‌గానైనా సరే.

కొత్త పూతకి వడ్రంగులు మెలమైన్ పాలిష్ అంటారు. మెరుపు బాగానే ఉంటుంది కానీ ఆరేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతుంది. పాపాయి ఉయ్యాలకి లక్క పాలిషే నయం. స్పిరిట్ ఘాటు ఉంటుంది కాబట్టి పని ఆరుబయటే జరగాలి. తడి తగిలితే తెల్లమచ్చలు పడటం దీని లోపం, పసిపిల్లల ఉయ్యాలకి ఆ తడి తప్పదు కూడా! పరుపు కింద రబ్బరు షీటు వేసి, మచ్చలు పడ్డచోట మరో పూత వేసుకుంటే సరి. అవిసె నూనె రాసేవాళ్లు, రుద్దిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకూడదు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. తడిపి, విడివిడిగా ఆరబెట్టాలి. పని ఏడో నెలలోనే ముగిస్తే బారసాలనాటికి వాసన పూర్తిగా పోతుంది.

ఇక మిగిలింది గొలుసులు. తుప్పు పట్టినవి మార్చేయాల్సిందే. ఫ్యాను కొక్కేన్ని నమ్ముకోకుండా స్టాండు తీసుకోవడం మంచిది. బిగించాక 25 కిలోల బియ్యం బస్తా పెట్టి ఓ రాత్రంతా ఉంచి, తెల్లారి నాలుగుసార్లు ఊపి చూడాలి. ఖాళీ ఉయ్యాల ఊపకూడదనే బామ్మగారు ఇంట్లో ఉన్నా పేచీ రాదు, లోపల బస్తా ఉందిగా!